అభయానికి ఆధారం అనురాగం

ధైర్యం, ఆనందం, మానవానురాగం అనే మూడింటినీ ఆధునిక యుగం మూడు వేర్వేరు శాఖలకు అప్పగించింది. ధైర్యాన్ని సైనికుడికీ సాహసికుడికీ వ్యక్తిత్వ వికాస తరగతులకూ, ఆనందాన్ని ఆర్థిక శాస్త్రానికీ మార్కెట్టుకూ, అనురాగాన్ని కుటుంబానికీ సినిమాకూ వదిలిపెట్టి, ఒకదానితో ఒకటి నిమిత్తం లేకుండా ఏ మనిషికి ఆ మనిషి వీటిని విడివిడిగా సంపాదించుకోవచ్చునన్న నమ్మకాన్ని పెంచి పోషించింది. భారతీయ తత్త్వచింతన, గ్రీకు నీతిశాస్త్రం, ఇరవయ్యో శతాబ్దపు మనోవిజ్ఞానం వేర్వేరు దారుల్లో నడిచినా, వాటిని ఒకచోట పెట్టి చూస్తే తేలే నిర్ణయం ఇందుకు భిన్నంగా ఉంటుంది. ఈ మూడింటికీ ఒక క్రమం ఉంది: అనురాగం ఉన్నచోట అభయం పుడుతుంది, అభయం ఉన్నచోటనే ఆనందం నిలుస్తుంది. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ముందు సుఖపడి, ఆ తర్వాత ధైర్యం తెచ్చుకుని, తీరిక దొరికినప్పుడు మనుషులను ప్రేమించవచ్చుననుకునే జీవన విధానమే నేటి సమాజంలో కనిపించే ఒంటరితనానికీ, దాని వెంట వచ్చే దిగులుకూ ఒక ముఖ్య కారణమని చెప్పవలసి ఉంటుంది.

ముందుగా ధైర్యమంటే ఏమిటో తేల్చుకోవాలి. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథంలో ధైర్యాన్ని పిరికితనానికీ దుస్సాహసానికీ నడుమ నిలిపాడు. దేనికి భయపడాలో, ఎంతవరకు భయపడాలో, ఏ మంచి కోసం ఆ భయాన్ని ఓర్చుకోవాలో ఎరిగినవాడే ఆయన దృష్టిలో ధైర్యవంతుడు. మన ఆలంకారికులు ఇదే విషయాన్ని మరో వైపు నుంచి పరిశీలించారు. రసానికి పునాదిగా మనసులో స్థిరంగా ఉండే భావాన్ని వారు స్థాయీభావమన్నారు. రౌద్ర రసానికి క్రోధం స్థాయి కాగా, వీరరసానికి స్థాయిగా వారు నిర్ణయించినది ఉత్సాహం, అంటే చేయదగిన పని ఎదుట నిలిచినప్పుడు మనసులో పొంగే సుముఖత. ధైర్యం ఆనందానికి ఎంత దగ్గర బంధువో ఈ నిర్ణయమే తెలియజేస్తుంది. పద్నాలుగో శతాబ్దానికి చెందిన సాహిత్యదర్పణ కర్త విశ్వనాథుడు వీరులను దానవీరుడు, ధర్మవీరుడు, యుద్ధవీరుడు, దయావీరుడు అని నాలుగు విధాలుగా విభజించాడు. దయావీరుడికి ఉదాహరణగా పండితులు చూపేది హర్షుని నాగానంద నాటకంలోని జీమూతవాహనుడిని. గరుత్మంతుడికి ఆహారం కావలసిన శంఖచూడుడనే నాగకుమారుడికి బదులుగా, అతని తల్లి దుఃఖం చూడలేక, వధ్యశిల మీద తానే పడుకున్న రాజకుమారుడతడు. ఆయుధం పట్టకుండానే, ఎవరినీ జయించకుండానే, కేవలం కరుణ వల్ల ఒక మనిషి వీరుడు కాగలడని ఒప్పుకున్న సాహిత్య సంప్రదాయం మనది.

భయం ఎక్కడి నుంచి పుడుతుందన్న ప్రశ్నకు బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలో ఒక అపూర్వమైన కథనం ఉంది. సృష్టికి ముందు ఆత్మ ఒక్కటే పురుషాకారంలో ఉండి, చుట్టూ చూసి తాను తప్ప మరేదీ లేదని గ్రహించి భయపడిందట. అందుకే ఒంటరిగా ఉన్నవాడు నేటికీ భయపడతాడని ఆ శ్రుతి అంటుంది. ఆ వెంటనే, భయపెట్టడానికి రెండోది లేనప్పుడు భయమెందుకని విచారించుకోగా ఆ భయం తొలగిపోయింది. వేదాంత చర్చల్లో ఎక్కువగా వినిపించేది ఈ ఘట్టమే. రెండోది ఉన్నదన్న భావన వల్లనే భయం కలుగుతుందనీ, అద్వైత జ్ఞానంతో అది నశిస్తుందనీ వ్యాఖ్యానం. అయితే ఉపనిషత్తు అక్కడితో ఆగలేదు. భయం పోయినా ఆ ఏకాకికి ఆనందం కలగలేదనీ, ఒంటరివాడు ఆనందించలేడనీ, అందుచేత అతడు రెండో వ్యక్తిని కోరుకున్నాడనీ చెప్పింది. విచారణ వల్ల భయాన్ని పోగొట్టుకోగలిగినవాడు కూడా ఆనందం కోసం తోడును కోరవలసి వచ్చిందన్నమాట. ఒంటరితనానికి భయం, ఆనందరాహిత్యం అనే రెండు ఫలితాలున్నాయని ఇంత సూటిగా చెప్పిన ప్రాచీన వాక్యాలు అరుదు. తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లి దీనికి పూరకంగా మరో మాట చేర్చింది. పరతత్త్వానికీ తనకూ మధ్య ఏ కాస్త ఎడం కల్పించుకున్నా మనిషికి భయం కలుగుతుందని అది హెచ్చరిస్తుంది. ఆ వాక్యం మోక్షవిషయమే అయినా, ఎడం పెరిగినకొద్దీ భయం పెరుగుతుందన్న సూత్రం మానవ సంబంధాలకు సైతం వర్తిస్తుంది.

బౌద్ధం ఈ సూత్రాన్ని సాధనగా మలిచింది. అడవిలో ధ్యానానికి వెళ్ళిన భిక్షువులు అక్కడి భూతాల వల్ల భీతిల్లి తిరిగి రాగా, బుద్ధుడు వారికి మరో చోటు చూపకుండా, సమస్త ప్రాణుల పట్ల తల్లి ప్రేమ వంటి ప్రేమను పెంపొందించుకోమని మైత్రీసూత్రాన్ని ఉపదేశించి అదే అడవికి పంపాడని పాళీ వ్యాఖ్యాన సంప్రదాయం చెబుతుంది. భయానికి మందు ప్రేమేనన్నది ఆ కథ సారాంశం. మైత్రి అంటే ఇతరుల మేలు కోరడం, కరుణ అంటే ఇతరుల బాధకు చలించడం, ముదిత అంటే ఇతరుల సంతోషానికి సంతోషించడం, ఉపేక్ష అంటే పక్షపాతం లేని సమదృష్టి. బ్రహ్మవిహారాలుగా పేరొందిన ఈ నాలుగింటినీ ఆచార్య నాగార్జునుడు తన సుహృల్లేఖలో పేర్కొన్నాడు. ఆ లేఖను ఆయన ఒక శాతవాహన రాజుకు రాశాడన్నది సంప్రదాయం. రాజుకు ఉపదేశం చేయవలసిన ఆచార్యుడు దానికి మిత్రుడి ఉత్తరమనే రూపాన్ని ఎంచుకోవడం గమనించదగ్గది. దానాల్లో అన్నవస్త్రాల దానంతో పాటు ధర్మదానాన్నీ అభయదానాన్నీ లెక్కించిన బౌద్ధుల దృష్టిలో, భయపడకుండా ఉండటం ఒక వ్యక్తి సొంత గుణం మాత్రమే కాదు, ఒకరు మరొకరికి ఇవ్వగలిగిన వస్తువు కూడా.

ఆధునిక మనోవిజ్ఞానం ఇదే విషయాన్ని పసిపిల్లల ప్రవర్తనలో పరిశీలించింది. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ ప్రతిపాదించిన అనుబంధ సిద్ధాంతాన్ని అమెరికన్ శాస్త్రవేత్త మేరీ ఐన్స్‌వర్త్ ఒక చిన్న ప్రయోగం ద్వారా పరీక్షించింది. ఏడాది వయసు బిడ్డను తల్లితో పాటు బొమ్మలున్న ఒక కొత్త గదిలోకి తీసుకువస్తారు. తల్లి కుర్చీలో కూర్చుని ఉండగా బిడ్డ పాకుతూ బొమ్మల దగ్గరికి వెళ్ళి, మధ్యమధ్య వెనక్కి తిరిగి తల్లి ముఖం చూసి, మళ్ళీ ముందుకు సాగుతుంది. కొంతసేపటికి తల్లి గది విడిచి వెళితే బొమ్మలు వదిలేసి ఏడుస్తుంది. ఆమె తిరిగి వచ్చి ఎత్తుకోగానే ఊరడిల్లి, మళ్ళీ ఆటలో పడుతుంది. తల్లి ఆదరణ మీద నమ్మకం కుదిరిన బిడ్డలు ఇలా ప్రవర్తించగా, ఆ నమ్మకం కుదరని బిడ్డల్లో కొందరు తల్లి వచ్చినా ఊరట పొందలేరు, మరికొందరు ఆమెను పట్టించుకోనట్టు ముఖం తిప్పుకుంటారు. ఐన్స్‌వర్త్ దీన్నుంచి గ్రహించిన విషయం ఇది: తల్లిని అంటిపెట్టుకుని ఉండే బిడ్డ పిరికిదవుతుందన్న సామాన్యాభిప్రాయం సరికాదు, తిరిగి వస్తే ఒడి దొరుకుతుందన్న నమ్మకమే బిడ్డను దూరం వెళ్ళనిస్తుంది. పెద్దవారి విషయంలోనూ పరిస్థితి ఇంతకన్నా వేరు కాదని బౌల్బీ అభిప్రాయం. బెర్ట్రండ్ రస్సెల్ సైతం ఆనందసాధన గురించి 1930లో వెలువరించిన గ్రంథంలో అనురాగానికి ఒక అధ్యాయం కేటాయించి, ప్రేమ పొందినవారికి లోకం పట్ల కలిగే భద్రతాభావమే జీవితోత్సాహానికి మూలమని వాదించాడు.

ఇక ఆనందం సంగతి. తైత్తిరీయోపనిషత్తు ఆనందాన్ని కొలవడానికి పూనుకుని, యౌవనం, సచ్చరిత్ర, విద్య, దేహబలం ఉండి, సంపదతో నిండిన భూమండలమంతా తన సొంతమైన మనిషి సంతోషాన్ని ఒక ప్రమాణంగా తీసుకుంది. అక్కడి నుంచి మెట్టుమెట్టుకూ నూరు రెట్లు పెంచుతూ బ్రహ్మానందం దాకా వెళ్ళింది. ఆధునిక మార్కెట్టు మనిషికి వాగ్దానం చేసే సమస్త సుఖమూ ఆ లెక్కలో మొదటి మెట్టు దాటదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం సుఖాన్ని మూడుగా విభజించింది. ఇంద్రియాలకు విషయాలతో సంపర్కం వల్ల మొదట అమృతంలా తోచి చివరికి విషమయ్యేది రాజస సుఖం, నిద్ర, సోమరితనం, ఏమరపాటుల నుంచి పుట్టి మనిషిని మొదటి నుంచి చివరి దాకా మత్తులో ఉంచేది తామస సుఖం, మొదట విషంలా తోచి చివరికి అమృతమయ్యేది సాత్త్విక సుఖం. అర్ధరాత్రి దాటేవరకు ఫోన్ తెరమీద వీడియో తర్వాత వీడియో చూస్తూ పోవడం ఏ కోవకు చెందుతుందో వివరించనక్కరలేదు. వ్యాధిగ్రస్తుడైన బంధువు మంచం పక్కన రాత్రంతా కూర్చోవడం, తెగిపోయిన స్నేహాన్ని కలుపుకోవడానికి ముందుగా తానే పలకరించడం, తప్పు ఒప్పుకుని క్షమాపణ అడగడం మొదట్లో చేదుగానే ఉంటాయి, వాటి ఫలం చివర్లో తెలుస్తుంది. అనురాగం ఇచ్చే ఆనందంలో చాలా భాగం ఈ సాత్త్విక కోటికి చెందినది కాబట్టే దాని తొలి మెట్టు ఎక్కడానికి ధైర్యం అవసరమవుతుంది.

దీర్ఘకాలిక పరిశోధనలు కూడా ఇదే దిశను చూపుతున్నాయి. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1938లో మొదలైన ఒక అధ్యయనం, 268 మంది విద్యార్థులనూ బోస్టన్ నగరంలోని పేదవాడలకు చెందిన 456 మంది బాలురనూ వారి జీవితాంతం పరిశీలించింది. సంపద కన్నా, కీర్తి కన్నా, ఆత్మీయ సంబంధాలే వారి ఆరోగ్యానికీ సంతృప్తికీ ఎక్కువ తోడ్పడ్డాయని తేల్చింది. 2012 నుంచి వెలువడుతున్న ప్రపంచ ఆనంద నివేదిక దేశాల మధ్య తేడాలను వివరించడానికి తలసరి ఆదాయం, ఆరోగ్యవంతమైన ఆయుర్దాయం వంటి వాటితో పాటు, కష్టకాలంలో ఆదుకునే బంధువులో స్నేహితులో ఉన్నారా అన్న ప్రశ్నకు ప్రజలిచ్చే జవాబును పరిగణిస్తుంది. బ్రిటన్ 2018లో ఒంటరితనం సమస్యను చూసే బాధ్యతను ఒక మంత్రికి అప్పగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని పేర్కొంది. ఆనందం గురించి ఇంతగా చర్చించిన యుగం మరొకటి లేకపోయినా, దాని మూలాన్ని ఇంతగా ఎండబెట్టిన యుగం కూడా ఇదేనని ఈ వివరాలు సూచిస్తున్నాయి.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి ఎదురవుతుంది. ప్రియమైన దాని నుంచే శోకం, భయం పుడతాయని ధమ్మపదంలోని ప్రియవర్గం బోధిస్తున్నది కదా, అలాంటప్పుడు అనురాగం అభయానికి మూలమెలా అవుతుందన్నది ఆ ఆక్షేపణ. బిడ్డ ఇల్లు చేరేదాకా తల్లి పడే ఆందోళన చూసినవారెవరూ దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేరు. దీనికి సమాధానం అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు రచించిన విశుద్ధిమార్గంలో దొరుకుతుంది. మైత్రికి ద్వేషం దూరశత్రువనీ, రాగం సమీపశత్రువనీ ఆయన చెప్పాడు. ద్వేషం మైత్రికి విరుద్ధమని ఎవరికైనా తెలుస్తుంది, కానీ ఎదుటివారిని తన సొత్తుగా భావించే రాగం మైత్రిలాగే కనిపిస్తూ దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. రాగం కోల్పోతానేమోనని భయపడుతుంది, ఆ భయం వల్ల ఎదుటివారిని కట్టిపడేయాలని చూస్తుంది. మైత్రి ఎదుటివారి మేలు కోరుతుంది కాబట్టి వారిని స్వేచ్ఛగా వదలగలుగుతుంది. ఈ భేదం గ్రంథాలకు పరిమితమైనది కాదు. కులం కాని కులంలో పెళ్ళి చేసుకున్నందుకు కన్నబిడ్డను చంపించే తండ్రి సైతం తనది ప్రేమేననీ, పరువు కోసం తప్పలేదనీ అంటాడు. ఇటువంటి హత్యలను నివారించడానికి సుప్రీంకోర్టు 2018 మార్చిలో ప్రభుత్వాలకు మార్గదర్శకాలు జారీ చేయవలసి రావడం, అనురాగం పేరుతో చెలామణి అయ్యే మమకారం ఎంత దూరం పోగలదో చూపుతుంది. అభయమివ్వలేని ప్రేమ మైత్రి కాదు, దాని సమీపశత్రువు.

ఈ కారణం చేతనే గతకాలపు ఆత్మీయతలను తలచుకుని, ఆధునికత వాటిని నాశనం చేసిందని వాపోవడం సత్యానికి సరిపడదు. పూర్వపు గ్రామంలో బంధుప్రేమ, ఇరుగుపొరుగు ఆదరణ నిజంగానే ఉండేవి. అయితే వాటికి కులం సరిహద్దుగా, వెలి శిక్షగా ఉండేవి. నీరు, నిప్పు, పురోహితుడు, పెళ్ళి సంబంధం, చివరికి శవాన్ని మోసే నలుగురు మనుషులు కూడా కట్టుబాటుకు లోబడినవారికే దొరికేవారు. అనురాగాన్ని ఉపసంహరిస్తామన్న బెదిరింపే అక్కడ ఆయుధం. ఆ ఆయుధానికి ఎదురు నిలవడానికి ఏం కావలసి వచ్చిందో తెలుగువారి సాంఘిక చరిత్రలోని ఒక ఘట్టం స్పష్టంగా చూపుతుంది.

కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించాడు. వితంతు పునర్వివాహాన్ని చట్టం 1856లోనే ఆమోదించినా, పాతికేళ్ళు గడిచినప్పటికీ ఆంధ్రదేశంలో దాన్ని ఆచరణలో పెట్టేవారు లేకపోవడానికి కారణం వెలి భయమే. వివాహం జరగగానే ఆ ఇంటిని సమాజం బహిష్కరించింది. వంటవారు రావడం మానేశారు, నీళ్ళు తెచ్చేవారు మానేశారు. ఆ స్థితిలో ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకువచ్చింది, తానే వంట చేసింది, పునర్వివాహం చేసుకున్న ఆడపిల్లలను ఇంట్లో పెట్టుకుని తల్లిలా చూసుకుంది. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య ఈ ఉద్యమానికి ధనసహాయం చేశాడు, విద్యార్థులు అండగా నిలిచారు. వీరేశలింగం ధైర్యాన్ని గురించి ఎన్నో గ్రంథాలు వచ్చాయి. ఆ ధైర్యం ప్రతి ఉదయం ఒక స్త్రీ గోదావరి మెట్లెక్కి తెచ్చిన నీళ్ళ మీద ఆధారపడి బతికిందన్న సత్యానికి దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదు. ఊరి అనురాగం షరతులు పెట్టి వెనక్కి తగ్గినప్పుడు, షరతులు లేని కొద్దిమంది అనురాగం ఆయనను నిలబెట్టింది. దాని ఫలంగా, పసితనంలోనే జీవితం ముగిసిపోయిందనుకున్న బాలికలకు ఆనందించే హక్కు తిరిగి లభించింది. అనురాగం, అభయం, ఆనందం ఒకదాని వెంట ఒకటి ఎలా వస్తాయో చూపడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

ఆధునిక సమాజం ఆ పాత వెలిని చాలావరకు బలహీనపరచింది. నెలజీతం, బ్యాంకు, బీమా, ఆసుపత్రి, పోలీసు, న్యాయస్థానం అనే వ్యవస్థలు మనిషిని ఊరి దయాదాక్షిణ్యాల నుంచి విడిపించాయి. ఇది గొప్ప మేలని ఒప్పుకోవాలి, ముఖ్యంగా దళితులకూ స్త్రీలకూ ఈ విముక్తి విలువ తెలుసు. అయితే అవసరం బలవంతాన కలిపి ఉంచిన మనుషులు అవసరం తీరగానే విడిపోయారు. పూర్వం తోటివాడితో కలిసి ఉండక తప్పేది కాదు, నేడు కలిసి ఉండాలని సంకల్పించుకుంటే తప్ప కలిసి ఉండటం లేదు. అంటే అనురాగం ఇప్పుడు ప్రతి ఒక్కరూ స్వేచ్ఛగా ఎంచుకోవలసిన విషయమైంది, స్వేచ్ఛగా ఎంచుకోవడమంటే తిరస్కారానికి సిద్ధపడటం కనుక అది ధైర్యంతో కూడిన పనైంది. ఆధునికుడికి ప్రత్యేకంగా కావలసిన ధైర్యం ఇదే. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా ఊళ్ళో పెద్ద ఇంట్లో మిగిలిన వృద్ధదంపతులు, ఫోన్లో అంతా బాగానే ఉందని అబద్ధం చెబుతారు. అవతలివైపు ఉద్యోగం పోయిన కొడుకు కూడా అదే అబద్ధం చెబుతాడు. ఇరువైపులా ప్రేమ ఉంది, బలహీనతను వెల్లడించే ధైర్యం లేక ఆ ప్రేమ ఎవరికీ అభయమివ్వలేకపోతున్నది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో పార్లమెంటు చేసిన చట్టం బిడ్డల చేత నెలనెలా మనోవర్తి ఇప్పించగలదు, వారి చేత పలకరింపు ఇప్పించలేదు.

యువతరం విషయంలో ఈ అవసరం మరింత తీవ్రంగా ఉంది. ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన రోజుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు రావడం ఏటా జరిగే విషాదంగా మారింది. ఆ పిల్లలకు ధైర్యం చాలలేదని అనడం అన్యాయం. తప్పినా తమ స్థానం ఇంట్లో పదిలంగా ఉంటుందన్న భరోసా వారిలో ఎందరికి ఉందో పెద్దలు తమను తాము ప్రశ్నించుకోవాలి. కొత్త గదిలో వెనక్కి తిరిగి తల్లి ముఖం చూసే పసిబిడ్డకు ఏది అవసరమో, ఫలితాల పట్టికలో తన సంఖ్య వెతుక్కునే పదిహేడేళ్ళ పిల్లవాడికీ అదే అవసరం. ధైర్యంగా ఉండమని ఉపదేశించడం సులభం, ఎదుటివాడు ధైర్యంగా ఉండగలిగే పరిస్థితి కల్పించడమే కష్టం.

భగవద్గీత పదహారో అధ్యాయంలో దైవీసంపదను వర్ణిస్తూ మొట్టమొదట పేర్కొన్న గుణం అభయం. గాంధీ 1930లో ఎరవాడ జైలు నుంచి ఆశ్రమవాసులకు రాసిన లేఖల్లో ఈ విషయాన్ని ప్రస్తావించి, నిర్భయత్వం లేనిదే సత్యమూ ప్రేమా ఆచరణలోకి రావని వివరించాడు. ప్రేమ నుంచి అభయం పుడుతుందన్న ప్రతిపాదనకు ఇది విరుద్ధంగా తోచవచ్చును గానీ నిజానికి రెండూ ఒకదానికొకటి ఊతమిచ్చే సత్యాలు. ఒకరి నుంచి పొందిన ప్రేమ మనిషికి అభయమిస్తుంది, ఆ అభయం వల్ల అతడు మరొకరిని నిస్సంకోచంగా ప్రేమించగలుగుతాడు, అలా ఒకరి నుంచి ఒకరికి సాగే ఈ ప్రవాహమే ఆనందం. దీన్ని ఎవరో ఒకరు ముందుగా ఆరంభించాలి. ఎదుటివారు మొదలుపెట్టే దాకా వేచి చూసే సమాజంలో ఈ మూడూ అందరికీ దూరమవుతాయి. ధైర్యం కావలసినవారు దాన్ని తమలో వెతుక్కోవడం కన్నా ముందు, తమ ఇంట్లో, వీధిలో, పనిచేసే చోట భయపడుతూ బతుకుతున్న ఒక్క మనిషికి అభయమివ్వాలి. ఆనందం కోరేవారు చేయదగిన మొదటి పని కూడా అదే.